ఒక ఇంజెక్టర్ పోతే నాలుగూ మార్చాలా?

హైవే పక్షి:
2014 మోడల్ 1.3 డీజిల్ బండి, 1.38 లక్షల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతుంది. గంట సేపు నడిపి టీ తాగడానికి ఆపితే మాత్రం మళ్లీ అందుకోదు, పది నిమిషాలు చల్లారాలి. ఐడిల్‌లో (బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచితే) వణుకు కూడా మొదలైంది. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి "ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలి, 72 వేలు" అన్నారు. ఏది పోయిందంటే చెప్పరు. నాన్నగారేమో బండి అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

రోడ్డు రాజు:
నాలుగూ మార్చెయ్ బ్రో. నాలుగూ ఒకే డీజిల్ తాగాయి, ఒకే దూరం తిరిగాయి. నేను కక్కుర్తి పడి ఒక్కటే మార్చాను. ఎనిమిది నెలలకి రెండోది పోయింది. మళ్లీ లేబరు, మళ్లీ రెండు రోజులు బండి లేదు. లెక్కేస్తే నాలుగింటి ఖర్చులో సగం పైనే అయింది.

ఓరుగల్లు పోరడు:
అన్నా, జర ఆగు. ఒక పన్ను నొస్తుందని పోతే డాక్టర్ నాలుగు పీకుతనంటే ఊకుంటవా? ఏది ఖరాబైందో చెప్పనోనికి 72 వేలు ఎందుకియ్యాలె? మా మెకానిక్ అయితే బండి ఆన్‌ల ఉండంగనే ఒక్కో పైపు నట్టు వదులు చేసి చూస్తడు. ఏది విప్పితే ఇంజన్ సౌండ్ మారదో అదే పోయినట్టు.

డీజిల్ తాత:
పోరడా, ఆ పని మాత్రం చేయించకు నాయనా. అది పాత లారీల పద్ధతి. ఇది కామన్ రైల్, అంటే రైల్ అనే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ భారీ ఒత్తిడితో డీజిల్ పోతుంది. ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. సన్నటి ధార చేతికి తగిలిందంటే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంతే కనపడుతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలాంటిది తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇక పక్షి గారికి. చల్లగా ఉంటే స్టార్ట్ అయి, వేడి మీద కావట్లేదన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. తిరగబడి ఉంటే ముందు చల్లటి ఇంజన్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గులు చూడమనేవాణ్ణి. వేడెక్కితే డీజిల్ పలచబడుతుంది. అరిగిన ఇంజెక్టర్ లోపల నుంచి రిటర్న్ లైన్‌లోకి, అంటే డీజిల్ వెనక్కి పోయే పైపులోకి జారిపోతుంది. సెల్ఫు కొట్టినప్పుడు రైల్‌లో చాలినంత ఒత్తిడి నిలవకపోతే ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవదు.

దీనికి లీకాఫ్ టెస్ట్ ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, ఒక్కోదానికి ఒక్కో కొలత సీసా తగిలించి, మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. ఏ సీసా మిగతావాటికంటే బాగా ముందు నిండితే దొంగ అదే. డీజిల్ పంపు షాపులో అరగంట పని.

రోడ్డు రాజు:
తాతగారూ, టెస్టులో ఇవాళ పాసైనది వచ్చే ఏడాది ఫెయిలవదని గ్యారంటీ ఏది?

డీజిల్ తాత:
లేదు. కొత్తదానికీ లేదు. కల్తీ డీజిల్ పోయించి, ఫిల్టర్‌లో నీళ్లు వదలకుండా తిప్పితే కొత్త నాలుగూ ఏడాదిలో పోతాయి. మీకు రెండోది పోయినప్పుడు ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తుందా?

రోడ్డు రాజు:
...అది వేరే సంగతి లెండి.

ఓరుగల్లు పోరడు:
😂😂 తాతా, దండం. నట్టు ముచ్చట మా మెకానిక్‌కి చెప్త.

హైవే పక్షి:
టెస్ట్ చేయించాను. 1, 2, 4 సీసాల్లో అడుగున కొంచెమే. మూడోది మెడ దాకా వచ్చింది, పక్కన నిలబడి చూశాను. అది విప్పడానికే పొద్దంతా పట్టింది. కింద రాగి వాషర్ దగ్గర ఇంజన్ లోపలి గ్యాస్ లీకై, చుట్టూ తారులాంటి మసి గట్టిపడిపోయింది. ఏసీ వేస్తే వచ్చే పొగ వాసన అదేనట! మిగతా మూడూ విప్పించి టెస్ట్ బెంచి (ఇంజెక్టర్లను పరీక్షించే మెషిన్) మీద పెట్టించాను. 1, 4 బాగున్నాయి, 2 బొటాబొటీగా పాసైంది.

డీజిల్ తాత:
పాత వాషర్ మళ్లీ వేయనివ్వకండి, నాలుగింటికీ కొత్తవే. కూర్చునే చోట మసి పూర్తిగా గీకించాలి, లేకపోతే వారానికే మళ్లీ లీకు. కొత్త ఇంజెక్టర్ తల మీద కోడ్ ఉంటే స్కానర్‌తో ఈసీఎంలోకి ఎక్కించమనండి. చాలామంది ఎగ్గొట్టేది అదే. తర్వాత ఐడిల్ కొట్టుకుంటోందని పార్టును తిడతారు.

రోడ్డు రాజు:
ఆ రెండోది కూడా ఇప్పుడే మార్చెయ్ బ్రో. ఎలాగూ విప్పే ఉంది కదా.

హైవే పక్షి:
అక్కడే ఆగిపోయాను. తాతగారూ, మీరైతే?

డీజిల్ తాత:
నా బండైతే ఉంచుతాను. మీరు నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగే మనిషైతే రాజుగారి మాటే వింటాను.

హైవే పక్షి:
నెలకి ఏడెనిమిది వందలే. ఉంచేశాను. కొత్తది ఒక్కటి, వాషర్లు, ఫిల్టర్, లేబరు కలిపి 22,400 అయింది. నిన్న గంటన్నర నడిపి, టోల్ గేట్ దాటాక కావాలని ఆపి స్టార్ట్ చేశా. అర సెల్ఫుకే అందుకుంది. నాన్నగారు పక్క సీట్లోనే ఉన్నారు, ఏమీ అనలేదు.

రోడ్డు రాజు:
రెండోది పోయిన రోజు ఇక్కడే చెప్పాలి మరి.