మన డీఎన్ఏలో దాదాపు సగం గెంతే మూలకాలదే అయితే, వాటివల్ల వచ్చే జబ్బులు ఇంత అరుదెందుకు?

ప్రశ్న

మానవ జీనోమ్‌లో, అంటే మన మొత్తం డీఎన్ఏలో, సుమారు 45 శాతం ట్రాన్స్‌పోజాన్ల (గెంతే మూలకాల) నుంచి పుట్టినదేనని చదివాను. మొక్కజొన్న గింజల మీది రంగు మచ్చలు తరతరానికీ ఎందుకు మారుతున్నాయో వెతుకుతూ 1940లలో బార్బరా మెక్‌క్లింటాక్ వీటిని గుర్తించారనీ, 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చిందనీ తెలుసు. నా సందేహం ఏమిటంటే, ఒక చోటి నుంచి మరో చోటికి పోయి జన్యువుల మధ్యలో దూరగల మూలకాలు సగానికి సగం ఉన్నప్పుడు మనలో ఎక్కువమంది ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతున్నారు? వాటిలో చాలావరకు చచ్చిపడి ఉన్నవేననే సమాధానం చాలాచోట్ల కనిపించింది. చచ్చినవాటిని ఇక పట్టించుకోనక్కరలేదా? మామూలు జన్యు పరీక్షలో ఇవి బయటపడతాయా?

మొదటి జవాబు

ముందు లెక్క చూద్దాం. మనలో ఇప్పటికీ సొంతంగా కదలగలిగేది లైన్-1 అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ (ఆర్ఎన్ఏ ద్వారా కొత్త ప్రతిని పుట్టించే మూలకం) ఒక్కటే. దాని ప్రతులు 5 లక్షల దాకా ఉన్నాయి, అంటే జీనోమ్‌లో 17 శాతం. కానీ ఒక మనిషిలో నిజంగా పనిచేసే స్థితిలో ఉన్నవి 80 నుంచి 100 మాత్రమే. దీనికి కారణం అది తన ప్రతిని తయారుచేసుకునే పద్ధతిలోనే ఉంది. లైన్-1 ముందుగా ఆర్ఎన్ఏగా మారుతుంది. ఆ ఆర్ఎన్ఏ నుంచి తయారైన ప్రోటీన్ కొత్త చోట డీఎన్ఏ పోగును కోసి, కోసిన కొసనే ఆధారం చేసుకుని, ఆర్ఎన్ఏను తోక వైపు నుంచి మళ్లీ డీఎన్ఏగా రాయడం మొదలుపెడుతుంది. పూర్తి మూలకం 6,000 అక్షరాల పొడవు. రాత తల దాకా చేరకుండానే చాలాసార్లు ఆగిపోతుంది కాబట్టి కొత్త ప్రతికి తోక ఉంటుంది, తల ఉండదు. తల లేని ప్రతి ఇంకో ప్రతిని పుట్టించలేదు. ఆ పైన కణం తన వంతుగా డీఎన్ఏకు మిథైల్ గుంపులనే రసాయన గుర్తులు తగిలించి, బీజకణాలలో చిన్న ఆర్ఎన్ఏలను కాపలా పెట్టి, మిగిలినవాటిని కూడా అణచి ఉంచుతుంది.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. 1988లో హెయిగ్ కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా-ఎ రోగుల డీఎన్ఏ పరీక్షించినప్పుడు, ఇద్దరిలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో కారకపు జన్యువులో, 14వ ఎక్సాన్ (ప్రోటీన్ సంకేతం ఉండే భాగం) లోపల, లైన్-1 ముక్కలు దూరి ఉన్నాయి. తల్లిదండ్రులలో అవి లేవు. అంటే గెంతు అప్పుడే జరిగిందన్నమాట. ఆ రెండు ముక్కలకూ తల తెగిపోయి ఉంది. ఒక దానికి మాతృక ఏదో తర్వాత వెతికితే, అది 22వ క్రోమోజోమ్ మీద చెక్కుచెదరకుండా దొరికింది. అప్పటిదాకా మనిషిలో ఇవి కేవలం శిథిలాలనుకున్న అభిప్రాయాన్ని ఈ ఒక్క పరిశీలన మార్చేసింది.

రెండో జవాబు

పై జవాబులో చెప్పిన లెక్క సరైనదే. కానీ కదలలేని ప్రతి హాని చేయలేదని మాత్రం దాని నుంచి అనుకోకూడదు. ప్రశ్న అడిగినవారి రెండో సందేహానికి అసలు సమాధానం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

అలూ అనే మూలకాన్ని తీసుకోండి. పొడవు 300 అక్షరాలే, సొంత ఎంజైమ్ కూడా లేదు, లైన్-1 ఎంజైమ్‌నే వాడుకుంటుంది. అయినా 10 లక్షలకు పైగా ప్రతులున్నాయి. ఇన్ని చోట్ల ఇంచుమించు ఒకే వరుస ఉండటమే ప్రమాదం. కణ విభజన సమయంలో గానీ, తెగిన డీఎన్ఏను అతికేటప్పుడు గానీ ఒక అలూ తన జతను వదిలి, పక్కనున్న మరో అలూతో జత కలిస్తే, రెండింటి మధ్యనున్న భాగం ఎగిరిపోతుంది, లేదా రెండింతలవుతుంది. ఇందులో ఏ మూలకమూ గెంతలేదని గమనించండి.

1985లో వెలుగులోకి వచ్చిన ఒక వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ కేసు దీనికి చక్కని ఉదాహరణ. కొలెస్ట్రాల్‌ను రక్తం నుంచి కణంలోకి తీసుకునే ఎల్‌డీఎల్ గ్రాహకపు జన్యువులో రెండు అలూల మధ్య సుమారు 5,000 అక్షరాలు పోయాయి. పోయిన ఎక్సాన్లలోనే గ్రాహకాన్ని కణపు పొరలో నాటి ఉంచే భాగం ఉంది. దాంతో గ్రాహకం తయారవుతూనే ఉంది, కానీ పొరకు అంటుకోలేక చాలావరకు కణం బయటికి పోయింది. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ-1 జన్యువు పొడవులో 40 శాతానికి పైగా అలూలే కాబట్టి, అందులో ఇలాంటి పెద్ద తొలగింపులు తరచుగా కనిపించడం వింతేమీ కాదు.

ఇక ఎస్‌వీఏ అనే మూడో రకం ఉంది. జపాన్‌లో కనిపించే ఫుకుయామా కండర క్షీణతకు కారణం, ఫుకుటిన్ జన్యువు చివర, ప్రోటీన్ సంకేతం ముగిసిన తర్వాతి భాగంలో ఎన్నో తరాల క్రితం దూరి అక్కడే ఉండిపోయిన ఒక ఎస్‌వీఏ. సంకేతాన్ని అది చెరపలేదు. అయితే దాని లోపల స్ప్లైసింగ్ (ఆర్ఎన్ఏను కత్తిరించి అతికే) యంత్రాంగాన్ని ఆకర్షించే వరుస ఒకటి ఉండటం వల్ల, ప్రోటీన్ అసలు తోక తెగిపోయి, దాని స్థానంలో ఎస్‌వీఏ నుంచి వచ్చిన 129 అమైనో ఆమ్లాలు అతుక్కుంటున్నాయి. ఈ సంగతి 2011లో తేలింది. ఆ వరుసను కప్పే చిన్న ప్రతిసంకేత అణువులతో రోగుల కణాలలో సహజ ప్రోటీన్‌ను తిరిగి రప్పించగలిగారు.

మూడో జవాబు

పరీక్షల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఆ పనిలో ఉన్న వ్యక్తిగా రాస్తున్నాను. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో డీఎన్ఏను 150 అక్షరాల ముక్కలుగా చదివి ప్రామాణిక జీనోమ్‌తో పోలుస్తారు. కొత్తగా దూరిన అలూ లోపలి ముక్క 10 లక్షల చోట్ల సరిపోతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కకు నెట్టేస్తుంది. మిగిలే ఆధారాలు అంచుల వద్దే ఉంటాయి: సగం జన్యువుకూ సగం మరెక్కడికో సరిపోయే ముక్కలు, వరుసగా ఎ అక్షరాలున్న తోక, దూరిన చోట రెండు పక్కలా రెండుసార్లు కనిపించే పొట్టి వరుస. వీటి కోసం ప్రత్యేకంగా వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి, కానీ ప్రతి ప్రయోగశాలా వాటిని నడపదు.

ఎంచుకున్న డీఎన్ఏ భాగానికి కోట్ల ప్రతులు తీసే పీసీఆర్‌ పద్ధతితో వచ్చే చిక్కు వేరు. పోర్చుగీసు కుటుంబాలలో, రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన మరో జన్యువు బీఆర్‌సీఏ-2 మూడో ఎక్సాన్‌లో ఒక అలూ దూరిన మార్పు తరతరాలుగా వస్తోంది. పీసీఆర్‌లో పొట్టి ప్రతే ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి, అలూ ఉన్న పొడవాటి ప్రతి కనబడకుండా పోయి ఫలితం మామూలుగానే వస్తుంది. అందువల్ల రోగ లక్షణాలు ఒకే జన్యువును గట్టిగా సూచిస్తున్నప్పుడు, మార్పు ఏదీ దొరకలేదన్న నివేదికతో ఆగకుండా, చొప్పింపుల కోసం చూశారా అని వైద్యులు ప్రయోగశాలను అడగడం మంచిది. పొడవాటి ముక్కలను చదివే యంత్రాలకు ఈ ఇబ్బంది చాలావరకు లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. రెండో జవాబుతో నా ఆలోచనే మారింది. ఒక్క చిన్న సందేహం: క్యాన్సర్ కణితులలో లైన్-1 చురుగ్గా ఉంటుందంటారు కదా, అది కారణమా, ఫలితమా?

నాలుగో జవాబు

రెండూ ఉన్నాయి, కానీ సమానంగా కాదు. 1992లో ఒక పెద్దపేగు క్యాన్సర్‌లో కణితులను అడ్డుకునే ఏపీసీ జన్యువును లైన్-1 చొరబాటే పాడుచేసిందని చూపారు. ఆ చొరబాటు కణితిలోనే ఉంది, అదే రోగి ఆరోగ్యకరమైన కణజాలంలో లేదు. అది కారణమే. కానీ కణితులలో కనిపించే చొరబాట్లలో అత్యధికం జన్యువులకు దూరంగా పడి, క్యాన్సర్‌ను ముందుకు నెట్టనివి. మిథైల్ కాపలా సడలడం వల్ల లైన్-1 లేచిందనడమే అక్కడ సబబు.

గెంతకుండానే హాని జరిగే మరో దారిని కూడా చేర్చాలి. ఐకార్డీ-గూటియెర్ అనే బాల్యవ్యాధిలో, కణంలో దారితప్పిన డీఎన్ఏను శుభ్రం చేసే ట్రెక్స్-1 వంటి ఎంజైములు లోపిస్తాయి. మిగిలిపోయిన సొంత న్యూక్లియిక్ ఆమ్లాలను కణం వైరస్‌గా భ్రమించి, వైరస్‌ను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్ ప్రోటీన్‌ను ఆపకుండా విడుదల చేస్తుంది. ఆ శేషాలలో రెట్రోట్రాన్స్‌పోజాన్ల వాటా ఉండవచ్చన్న అనుమానంతో, హెచ్‌ఐవీకి వాడే మూడు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నిరోధకాలను (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసే ఎంజైమును ఆపే మందులను) కొద్దిమంది పిల్లలకు ఇచ్చి చూశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మందు వాడినంత కాలం ఇంటర్‌ఫెరాన్ సంకేతం తగ్గింది. అప్పటికే దెబ్బతిన్న మెదడును ఆ మందులు బాగుచేస్తాయని మాత్రం ఆ అధ్యయనం నుంచి చెప్పలేం.