రాత్రి వసతి గృహాల్లో హెరాయిన్ లాంటి మత్తుకి విరుగుడు మందు నలోక్సోన్ ఉంచాలా, వద్దా? (విజయనగరం, శ్రీకాకుళం)

పొందూరు ఫార్మసిస్టు:
బోస్టన్‌లో 2003–08 మధ్య ఇల్లులేని పెద్దవాళ్ల చావులకు మొదటి కారణం డ్రగ్స్ మోతాదు మించడమే. అందులో 81 శాతం కేసుల్లో ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ లాంటి మత్తుమందులు) ఉన్నాయి. అమెరికాలో 2023 నుంచి నలోక్సోన్ స్ప్రేని డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన నిరాశ్రయుల వసతి గృహాల్లోనూ ఉంచాలని నా వాదన. ఇక్కడ 0.4 మి.గ్రా. ఆంప్యూల్ (చిన్న గాజు సీసాలో ఇంజక్షన్ మందు) దొరుకుతుంది. తొడ కండకి ఇవ్వాలి, 2–3 నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే ఇంకొకటి.

క్యాజువాల్టీ నర్సు:
నేను ఒప్పుకోనండి. అర్ధరాత్రి కేర్‌టేకర్ ఒక్కడే ఉంటాడు. వణికే చేతులతో ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగాలా? సారా మీద నిద్రమాత్రలు మింగినవాడికీ, స్పిరిట్ తాగినవాడికీ అది పనిచేయదు. ట్రమడాల్‌కి (ఓపియాయిడ్ రకం నొప్పి మాత్ర) సగమే పనిచేస్తుంది, ఫిట్స్ ఆపదు. ముందు నేర్పాల్సింది మనిషిని చూడడం. గొంతులో గరగర వినిపిస్తే "పాపం, గాఢ నిద్రలో ఉన్నాడు" అని దుప్పటి కప్పేస్తారు. అది గురక కాదు, ఊపిరి మూసుకుపోతోంది! భుజం గట్టిగా కుదపండి. లేవకపోతే 108కి ఫోన్ చేసి, తల వెనక్కి వంచి, 5 సెకన్లకోసారి నోటితో ఊపిరి ఊదండి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అడ్డుపడదు.

పొందూరు ఫార్మసిస్టు:
ఊపిరి ఊదడం ముందు, సరే. కానీ ఓపియాయిడ్ లేనివాడికి నలోక్సోన్ ఇచ్చినా హాని లేదు కదా, సందేహంలోనూ ఇవ్వచ్చు. అసలు ప్రమాదం తర్వాతే: దాని బలం 30–90 నిమిషాలే. లేచి కూర్చున్నాడని వదిలేస్తే మళ్లీ ఊపిరి పడిపోవచ్చు. జైలు నుంచో, డీఅడిక్షన్ వార్డు నుంచో వచ్చినవాళ్లయితే మరీను. ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, పాత డోసే చంపేస్తుంది.

ఆమదాలవలస లాయరు:
మీరిద్దరూ మందు గురించే మాట్లాడుతున్నారు. కేసు భయంతో తోటివాళ్లు పారిపోతారండీ! మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27లో వాడకానికీ శిక్ష ఉంది. సాయం చేసినవాళ్లని కాపాడే సెక్షన్ 134ఏ, మోటారు వాహనాల చట్టంలోది, రోడ్డు ప్రమాదాలకే. "తాగొస్తే లోపలికి రానివ్వం" అని గేటు మూసేస్తే ఆ మనిషి స్టేషన్ వెనక చీకట్లో ఒంటరిగా పడుంటాడు. అక్కడ మీ ఆంప్యూల్ ఎవడు గుచ్చుతాడు?

క్యాజువాల్టీ నర్సు:
గేటు మాట నిజమే. మత్తులో వచ్చినవాణ్ణి కేర్‌టేకర్ మంచం పక్కనే పడుకోబెట్టి, గంటకోసారి లేపి చూడాలి. 108కి "మందు కొట్టి పడ్డాడు" అనొద్దు. "మనిషి లేవట్లేదు, ఊపిరి సరిగ్గా ఆడట్లేదు" అనండి. జేబులో మాత్రల స్ట్రిప్ దొరికితే పారేయకుండా డాక్టరుకివ్వండి. ఇక ఆంప్యూల్ పెట్టాలంటే నా షరతు ఒకటే: డాక్టరు రాసిచ్చిన ఆదేశం, ఇద్దరికి సూది వేయడంలో తర్ఫీదు.