జంపఖానాకు చట్టం ఎంతవరకు కాపలా?

ఓరుగల్లు మగ్గం:
గృహప్రవేశానికని మా అక్క ఒక జంపఖానా కొన్నది. షాపులో ‘వరంగల్‌ది, ఒరిజినల్’ అన్నారట. తిరగేసి చూశాను. పైన ఎర్ర గళ్లు మెరుస్తున్నాయి, వెనక మాత్రం తెల్లగా ఉంది. అది నేసిన రంగు కాదు, అద్దిన రంగు. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అయినా ఈ అమ్మకాలు ఎలా సాగుతున్నాయి? ‘వరంగల్’ అన్న పేరుకు రక్షణ ఇస్తే సరిపోదు, చేతిపనికే ఇవ్వాలని నేనంటాను. మీరేమంటారు?

కోర్టు మెట్లు:
అన్నా, వెనక తెల్లగా ఉన్నంత మాత్రాన నకిలీ అనలేం. చేత్తో నేసిన దర్రీ మీద కలంకారీ అచ్చులు అద్దడం కూడా ఓరుగల్లు పనే. ఆ అచ్చు కింద ఉన్న నేత చేతిదా, మరమగ్గానిదా అన్నదే చూడాలి.

జీఐ చట్టం చేసింది 1999లో, అమల్లోకి వచ్చింది 2003లో. అది కాపాడేది పేరును. తప్పుడు జీఐ పేరుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. అదే నమూనాను ‘వరంగల్’ అనకుండా అమ్మేవాణ్ణి ఆ చట్టం ఆపలేదు. పోనీ డిజైన్ల చట్టం కింద పట్టుకుందామా అంటే, అది కొత్త డిజైన్‌కే వర్తిస్తుంది. తాతల నాటి గళ్లు, చారలు ఎవరి పేరునా నమోదు కావు. ఇంకో సంగతి, సంఘం పేరున జీఐ ఉన్నా, నేతన్న అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే హక్కున్నవాడిగా) విడిగా నమోదు చేసుకోవాలి. ఎంతమందికి ఈ విషయం చెప్పారు?

దూరదేశపు తెలుగువాడు:
ఇరాన్‌లోని ఫార్స్, కాషాన్ తివాచీ నేతలను యునెస్కో 2010లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అజర్‌బైజాన్ తన తివాచీల కోసం 2004లోనే విడిగా చట్టం చేసుకుంది. మనం కూడా యునెస్కోకు వెళ్లాలి కదా?

ఓరుగల్లు మగ్గం:
వెళ్దాం సార్, గౌరవమే. కానీ ఆ జాబితా సంతలో నకిలీ సరుకును ఆపదు. మన దగ్గరే 1985 నాటి చట్టం ఒకటుంది. కొన్ని వస్తువులను చేనేతకే కేటాయించింది. మొదట 22 రకాలుండేవి, తర్వాత 11కు తగ్గించారు. ఆ 11లో జంపఖానా ఇప్పటికీ ఉంది! చట్టం చెప్పిన రకాలను మరమగ్గం మీద నేయడమే నేరం. దీన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది. తనిఖీలు గట్టిగా చేయమనే నేను అడుగుతున్నాను.

సిరిసిల్ల సాంచా:
మా నాన్న ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికాడు. మేమూ పద్మశాలీలమే. అప్పులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. తనిఖీ అంటే ముందు దొరికేది కూలీవాడే, సరుకు ఆర్డర్ ఇచ్చిన సేటు కాదు. సాంచా మీద నేసినదానికి సాంచా అని లేబుల్ వేయండి, చేనేతకు చేనేత మార్కు వేయండి. కొనేవాళ్లు తేల్చుకుంటారు. నిషేధం ఎందుకు?

ఓరుగల్లు మగ్గం:
తమ్ముడూ, నీ బాధ కాదనను. కూలీవాణ్ణి పట్టుకోవాలని నేనూ అనను, ఆర్డర్ ఇచ్చినవాడి మీదే కేసు పెట్టాలి. కానీ లేబుల్ ఒక్కటే చాలదు. పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎర్ర పేక ఆగినచోట నీలం పేకను వేళ్లతో దానికి మెలేసి ముందుకు పోవాలి. ఒక్క వరుసలో ఎన్ని రంగులుంటే అన్నిసార్లు చెయ్యి ఆగుతుంది. రోజంతా వంగి నేసినా కొన్ని జానలే సాగుతుంది. ఆ పని ధర, మీటర్ల కొద్దీ వచ్చే గుడ్డ ధర ఒకే అరలో పక్కపక్కన పెడితే లేబుల్ ఎవరు చదువుతారు? అన్ని రకాలూ మీరు నేయండి, ఈ 11 మాత్రం మాకు వదలండి. మా కొత్తవాడలో పిల్లలు మగ్గం ఎక్కడం లేదు, అదే నా టెన్షన్.

సిరిసిల్ల సాంచా:
ఆర్డర్ ఇచ్చినవాడి మీద కేసు అంటే నేనూ మీ వెంట వస్తా. కూలీవాడి జోలికి వస్తే మాత్రం ఒప్పుకోను.

కోర్టు మెట్లు:
అన్నా, ముందు మీ అక్క సంగతి చూద్దాం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు మీద ‘వరంగల్ దర్రీ’ అని రాసి ఉందా?

ఓరుగల్లు మగ్గం:
ఇప్పుడే ఫొటో పంపింది. ‘జంపఖానా, 1’ అని మాత్రమే ఉంది.