పాత మారుతి 800లో హెడ్‌లైట్ల మిణుకు: ఆల్టర్నేటర్ మార్చాలా, ఎర్త్ చూసుకోవాలా?

ప్రశ్న: కాకినాడ 800

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. కార్బ్యురేటర్ బండి, ఇంజిన్ ఇప్పటికీ బాగుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే వెలుగు తగ్గుతూ పెరుగుతూ వణుకుతోంది. ఇండికేటర్ వేస్తే దాని లయకు తగ్గట్టుగా హెడ్‌లైట్లూ, డ్యాష్‌బోర్డు లోపలి చిన్న బల్బులూ కలిసి మసకబారుతున్నాయి. హెడ్‌లైట్లు వేసిన మరుక్షణం టెంపరేచర్ ముల్లు కొంచెం పైకి లేస్తుంది, ఆర్పగానే దిగిపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు ఎడమవైపు వెనక ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోందని మా తమ్ముడు గమనించి చెప్పాడు.

బ్యాటరీ పాతదైందని కొత్తది వేయించాం కానీ తేడా ఏమీ రాలేదు. ఇక్కడి ఎలక్ట్రీషియన్ ఒకరు డైనమో (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) పోయిందని, మొత్తం మార్చేయాలని అంటున్నారు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తనిఖీకి తీసుకువెళ్లాలి, అప్పటికి లైట్లన్నీ సవ్యంగా ఉండాలి. నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, వోల్టేజీ చూడటం వచ్చు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఏది ముందు, ఏది తరువాత పరీక్షించాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: పాతబండి ప్రేమికుడు

మీరు రాసిన లక్షణాలలోనే సగం జవాబు ఉందండి. మిణుకు దేనితో పాటు మారుతోందో చూస్తే లోపం ఏ వైపు ఉందో చాలావరకు తెలిసిపోతుంది. ఇంజిన్ వేగం పెంచినకొద్దీ మిణుకు వేగం కూడా పెరిగితే ఆల్టర్నేటర్ డయోడ్లనో (ఏసీ కరెంటును డీసీగా మార్చేవి), కార్బన్ బ్రష్‌లనో, వదులైన బెల్టునో అనుమానించాలి. గుంతలో పడినప్పుడు మాత్రమే వెలుగు ఆగి వస్తుంటే ఎక్కడో కనెక్షన్ వదులైందని అర్థం. స్టీరింగ్ పక్కన ఉన్న కాంబినేషన్ స్విచ్‌ను వేలితో కదిపితే తేడా వస్తే ఆ స్విచ్ కాంటాక్టులు కాలిపోయాయని తెలుసుకోవాలి. ఇండికేటర్‌తో పాటు అన్ని లైట్లూ ఊగుతున్నాయంటే మాత్రం, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఆ ఉమ్మడి దారి చాలాసార్లు ఎర్తే, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారే అవుతుంది.

టెంపరేచర్ ముల్లు సంగతి కూడా అదే చెబుతోంది. హెడ్‌లైట్లు వేసినంత మాత్రాన ఇంజిన్ ఒక్క క్షణంలో వేడెక్కదు కదా. ఆ ముల్లు సెన్సర్ మీదుగా ఎర్త్‌కు పోయే కరెంటును బట్టి కదులుతుంది. బాడీకీ ఇంజిన్‌కూ మధ్య వోల్టేజీ తేడా ఏర్పడితే ముల్లు తప్పుడు లెక్క చూపిస్తుంది.

ఇక కొలతలు. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2కు దిగితే సగమే మిగిలినట్లు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ రెండూ వేసి, ఇంజిన్‌ను కొంచెం వేగంగా తిప్పినా 13 దాటకపోతే అప్పుడు ఆల్టర్నేటర్ గురించి మాట్లాడుకుందాం. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడైనట్లే, బల్బులూ బ్యాటరీ రెండూ త్వరగా పోతాయి.

ఒక్క హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగున్నట్లు అని చెప్పే పద్ధతి మన దగ్గర ఇంకా ఉంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ఆ క్షణంలో లేచే వోల్టేజీకి బాగున్న డయోడ్లు, రెగ్యులేటర్ కూడా కాలిపోవచ్చు.

సమాధానం: విశాఖ ఆటో ఎలక్ట్రికల్

నేను చాలా ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ పని చేసినవాడిని. పై మిత్రుడు చెప్పింది సరైనదే. ఎర్త్‌ను ఎలా కొలవాలన్నది మాత్రం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. ఓమ్స్‌లో పెట్టి కేబుల్‌ను కొలిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది, కాబట్టి బాగుందని వదిలేస్తారు. కేబుల్ లోపల నాలుగు పోగులే మిగిలినా మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు అవి సరిపోతాయి. అదే దారిలో పది ఆంపియర్లు నడిచినప్పుడు అసలు రంగు బయటపడుతుంది. అందుకే లోడు ఉన్నప్పుడే కొలవాలి.

ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఉండగా మీటరును డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీదే ఉంచాలి. దానికి బిగించిన క్లాంపు మీద పెడితే పోస్టుకూ క్లాంపుకూ మధ్య ఉన్న లోపం కనిపించదు. ఎర్ర ప్రోబ్‌ను ముందు ఇంజిన్ బ్లాకు మీద, తరువాత పెయింటు గీకిన చోట బాడీ మీద ఆనించండి. రెండు చోట్లా 0.1 వోల్టు లోపల ఉంటే మంచిది. 0.2 దాటితే అక్కడ పని ఉంది. తేడా కనబడితే ఎర్ర ప్రోబ్‌ను పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి కేబుల్ చివర ఉన్న లగ్గుకు, లగ్గు నుంచి బాడీకి అడుగడుగునా జరుపుతూ రండి. ఏ రెండు చోట్ల మధ్య అంకె గబుక్కున పెరిగిందో దోషం అక్కడే.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టడం మామూలే. పైకి బోల్టు గట్టిగానే ఉంటుంది, విప్పితే లగ్గు కింద ఎర్రటి పొడి రాలుతుంది. ఇంజిన్ ఎర్త్ కూడా తెగిపోతే ఇంకా ప్రమాదం. సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ లాంటివాటి గుండా దారి వెతుక్కుంటుంది. అవి వేడెక్కి పొగలు వచ్చిన బండ్లను చూశాను.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం వేరే లోపం. ఎడమ టెయిల్ ల్యాంపు ఎర్త్ పోయింది. బ్రేకు బల్బు కరెంటు తన దారిన దిగలేక, పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటు గుండా పోతోంది. ల్యాంపు విప్పి, హోల్డరునూ ఎర్త్ వైరునూ శుభ్రం చేస్తే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: కాకినాడ 800

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్లే కొలిచాను. ఉదయం బండి తీయకముందు బ్యాటరీ 12.6. ఇంజిన్ నడుస్తుండగా 14.1. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే 13.7, కాస్త వేగం పెంచితే 14.0. బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.04 మాత్రమే వచ్చింది. బాడీకి మాత్రం 0.8 వచ్చింది, ఇండికేటర్ వేస్తే అది 1.1 వరకు వెళ్లి వెనక్కి వస్తోంది. అడుగడుగునా చూస్తే క్లాంపు దగ్గర దాదాపు ఏమీ లేదు, కేబుల్‌లో 0.06, లగ్గుకూ బాడీకీ మధ్యే 0.7. ఇక ఆల్టర్నేటర్‌ను పూర్తిగా మరచిపోవచ్చా?

సమాధానం: డీజిల్ మెకానిక్ కొడుకు

పూర్తిగా వదిలేయకండి అని నా మనవి. డీసీ వోల్టేజీ బాగా కనిపించినా, లోపలున్న ఆరు డయోడ్లలో ఒకటి పోయిన ఆల్టర్నేటర్ కొంతకాలం నెట్టుకొస్తుంది. లోడు మీద ఉండగా మీటరును ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు కంటే చాలా తక్కువ రావాలి. దాటితే డయోడ్ అనుమానం నిజమే, అప్పుడు రాత్రి నిలిపిన బండిలో బ్యాటరీ దిగిపోవడం కూడా కనిపించవచ్చు. ఒకవేళ ఆల్టర్నేటర్‌లోనే లోపం తేలినా మొత్తం మార్చనవసరం లేదు. బ్రష్‌లు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు విడిగా దొరుకుతాయి. ఆ ఎలక్ట్రీషియన్ ఏ కొలత చూసి మార్చాలన్నారో అడగడం మీ హక్కు.

ప్రశ్న అడిగినవారు: కాకినాడ 800

ఏసీలో 0.05 లోపే ఉంది. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, ఆ తరువాత బాడీ ఎర్త్ బోల్టు విప్పాను. బోల్టు తల నున్నగా మెరుస్తోంది కానీ, లగ్గు కింద ఉన్న రేకు అంతా తుప్పు పొరే. లగ్గు రంధ్రం చుట్టూ ఒక పక్కన గోరంత మేర మాత్రమే లోహం లోహానికి తగిలిన గుర్తు ఉంది. ఎమరీ కాగితంతో రెండు వైపులా తెల్లటి లోహం కనిపించేదాకా రుద్ది, పళ్లున్న వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ పూశాను. ఇప్పుడు బాడీకి 0.05. లైట్ల ఊపు, ముల్లు లేవడం రెండూ పోయాయి. టెయిల్ ల్యాంపు ఎర్త్ వైరు కూడా శుభ్రం చేశాక ఇండికేటర్ తన పని తాను చేసుకుంటోంది.

ఒక్క సందేహం మిగిలింది. వెలుగు నిలకడగా ఉంది కానీ ఇంకా పసుపుగా, తక్కువగా అనిపిస్తోంది. బ్యాటరీ దగ్గర 14.0 ఉన్నప్పుడు హెడ్‌లైట్ బల్బు పిన్నుల మీద 12.6 వస్తోంది. షాపులో 100 వాట్ల బల్బులు వేసుకోమంటున్నారు.

సమాధానం: విశాఖ ఆటో ఎలక్ట్రికల్

100 వాట్ల బల్బులు వేయకండి. రెండు బల్బులకు దాదాపు 17 ఆంపియర్లు అవుతుంది. 55 వాట్ల బల్బుల కోసం పెట్టిన పాత వైర్లూ స్విచ్ కాంటాక్టులూ అంత మోయలేవు, వైర్లను కలిపే కప్లర్లు కరుగుతాయి. ఫ్యూజు పోయినప్పుడల్లా రాగి తీగ చుట్టే అలవాటు కూడా తోడైతే బండి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. మీ లోపం బల్బులో లేదు, దారిలో ఉంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. మీకు 14.0 నుంచి 12.6 అంటే సరిగ్గా ఆ పది శాతమే పోయింది.

హెడ్‌లైట్ కరెంటంతా స్విచ్ గుండా పోకుండా డిమ్ముకు ఒకటి, బ్రైటుకు ఒకటి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) పెట్టించండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి రిలే 30 పిన్నుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. 87 పిన్ను నుంచి బల్బుకు పోవాలి. పాత హెడ్‌లైట్ వైరు 85, 86 పిన్నుల మధ్య కాయిల్‌ను నడిపిస్తే చాలు. అయితే కొన్ని బండ్లలో స్విచ్ పాజిటివ్ వైపు తెంచుతుంది, కొన్నింటిలో ఎర్త్ వైపు తెంచుతుంది. మీ బండిలో ఏదో ముందు టెస్ట్ ల్యాంపుతో తేల్చుకున్నాకే వైరు కత్తిరించండి. రెడీమేడ్ హార్నెస్ (రిలేలూ వైర్లూ కలిపి అమ్మే సెట్టు) కొనేటట్లయితే ఆ సంగతి షాపులో చెప్పి, దానికి సరిపోయేదే అడగండి.

బిగించాక బల్బు పిన్నుల మీద మళ్లీ కొలవండి. బ్యాటరీకీ బల్బుకీ మధ్య తేడా 0.5 వోల్టు లోపల ఉండాలి. అంతకంటే ఎక్కువ వస్తే హెడ్‌లైట్ల ఎర్త్ వైరును కూడా కొత్తగా వేయించుకోండి.