ఐదుగురితో విశాఖ వెళ్లి రావడానికి ఏ విద్యుత్ కారు నయం?

నాగావళి తీరం (శ్రీకాకుళం):
నాన్నగారి వైద్య పరీక్షల కోసం నెలకు రెండుసార్లు ఇంటిల్లిపాదీ విశాఖపట్నం వెళ్లి, అదే రోజు తిరిగి వస్తుంటాము. రానుపోను 220 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న పాత నెక్సాన్ ఈవీ మ్యాక్స్, 38 యూనిట్ల విండ్సర్, 24 యూనిట్ల టియాగో ఈవీ చూశాను. ఒకసారి పూర్తిగా చార్జి చేస్తే నడుస్తాయని కంపెనీలు ప్రకటించిన దూరాలు మూడింటికీ అంతకంటే చాలా ఎక్కువే ఉన్నాయి గానీ నాకు నమ్మకం కుదరడం లేదు. వాడుతున్నవారు చెప్పగలరా?

కోట కూడలి (విజయనగరం):
మీ అనుమానం సబబే. నా మ్యాక్స్‌కు ప్రకటించిన దూరం 437 కిలోమీటర్లు; ఐదుగురితో, ఏసీ వేసుకుని, పదహారో నంబరు జాతీయ రహదారిపై 90 వేగంతో వెళితే 250 దాటడం కష్టం. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 70కి తగ్గించిన రోజున అదే బండి 300 వరకు వస్తుంది. బ్యాటరీ సామర్థ్యాన్ని ఆరుతో గుణించి, వచ్చినదాన్నే రహదారి దూరంగా లెక్క వేసుకోండి. ఆ లెక్కన టియాగోకు సుమారు 145 వస్తుంది, అంటే విశాఖలో చార్జింగ్ తప్పదు. విండ్సర్‌కు 228 వస్తుంది, అది అంచు మీద నడక.

సాలూరు దారి:
మేము తరచుగా సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్తుంటాము. మనుషులతో కలిపి పదిహేడు, పద్దెనిమిది క్వింటాళ్ల బరువు అంత ఎత్తుకు చేరడానికే సుమారు 4 యూనిట్లు అదనంగా కావాలి. దిగేటప్పుడు రీజెన్ వల్ల, అంటే తిరిగే చక్రాలతో మోటారే విద్యుత్తు పుట్టించి బ్యాటరీకి ఎక్కించడం వల్ల, అందులో కొంత వెనక్కి వస్తుంది, కానీ పైన బ్యాటరీని నూటికి నూరు నింపుకుని బయలుదేరితే తిరిగి వచ్చే విద్యుత్తుకు చోటుండదు. ఈ సంగతి నాకు మొదటి ప్రయాణంలో, బ్రేకులు బాగా వేడెక్కాక గాని తెలియలేదు.

జీడితోట (పలాస):
కారు, స్కూటరు ఒకే గాటన కట్టకండి. మా స్కూటరు 3.7 యూనిట్లతో నూరు కిలోమీటర్లు నడుస్తుంది. అంతే విద్యుత్తుతో కారు పాతిక దాటదు. అరసవల్లి, శ్రీకూర్మం వంటి దగ్గరి పనులు స్కూటరుకు వదిలేస్తే, కారును దూరప్రయాణాన్ని బట్టే ఎంచుకోవచ్చు. ఇంకొక మాట: దారిలో ఉన్న ఒక ఫాస్ట్ చార్జరును నమ్ముకుని వెళితే అది పనిచేయలేదు. చివరికి బంధువుల ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకుని, గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కుతుంటే, రెండు పూటల భోజనం వారింటే అయింది.

నాగావళి తీరం:
కృతజ్ఞతలు. టియాగోను పక్కన పెట్టాను. పాత మ్యాక్స్ యజమాని గారిని అడిగి, అందరమూ ఎక్కి ఒకసారి విశాఖ వెళ్లి చూస్తాము. అన్నట్టు, మా ఇంటి మీటరు లోడు 3 కిలోవాట్లే, 7.2 కిలోవాట్ల చార్జరు పెట్టాలంటే పెంచుకోవలసిందే కదా?

కోట కూడలి:
పెంచుకోవలసిందే. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. మా పాత ఇంట్లో అది సరిచేసేదాకా చార్జరు పని చేయనని మొండికేసింది.