తాగుడు మానలేని మనిషిని ప్రభువు బల్లకు రావద్దనడం తీర్పు తీర్చడమేనా?

ప్రొద్దుటూరు అబ్బి:
మా చిన్నాయన పన్నెండేళ్లుగా తాగుతాడు. మూడుసార్లు మానేశాడు, మూడుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు. పోయిన నెల మొదటి ఆదివారం సంఘ పెద్దలు ఆయనను ప్రభువు బల్లలో, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారంలో, పాలుపొందొద్దన్నారు. అందరి ముందరే, మైకులో. "తీర్పు తీర్చకుడి" అన్న మాట వీళ్లు చదవలేదా? అసలు మానలేని మనిషికి స్వేచ్ఛ యాడుంది? స్వేచ్ఛ లేనప్పుడు తప్పెవరిది?

మైదుకూరు మాస్టారు:
ఆ మాట ఉన్న మత్తయి సువార్త 7లో మొదటి వచనం దగ్గరే ఆగిపోతే ఎట్లా నాయనా? ఐదో వచనం దాకా రా. ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సోదరుడి కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు ప్రభువు. నలుసును అట్లే వదిలేయమనలేదు. అపొస్తలుడు పౌలు కూడా కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 5లో తాగుబోతును పేర్కొని మరీ, అట్టివానితో భోజనమే చేయొద్దన్నాడు.

మరియాపురం అక్క:
అదే పత్రికలో 11వ అధ్యాయం ఉంది కదా మాస్టారూ. ప్రతి మనిషీ "తన్ను తాను పరీక్షించుకొనవలెను", ఆ తర్వాత రొట్టె తినాలి అని. పక్కనోడు పరీక్షించాలని లేదు. మా కతోలికుల్లో ఆత్మపరిశోధన చేసుకుని పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పోతాం. అక్కడ చెప్పింది గురువు దగ్గరే ఆగిపోతుంది, మైకులోకి రాదు.

మైదుకూరు మాస్టారు:
మాకూ ఒక వరుస ఉందమ్మా. మత్తయి 18లో ముందు ఒంటరిగా చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. అబ్బీ, ఆ వరుసలో చేశారా?

ప్రొద్దుటూరు అబ్బి:
లేదు సార్. నేరుగా మైకే.

మైదుకూరు మాస్టారు:
అయితే అది తప్పే. నేను ఒప్పుకుంటా.

కర్నూలు విద్యార్థి:
స్వేచ్ఛ సంగతి అందరూ వదిలేశారు. హిప్పో బిషప్ ఆగస్టీన్‌కూ పెలాగియస్‌కూ జరిగిన గొడవ ఇదే. మనిషి తన శక్తితోనే మంచిని ఎంచుకోగలడన్నాడు పెలాగియస్. దేవుని కృప లేకుండా ఆ ఇష్టమే పుట్టదన్నాడు ఆగస్టీన్. 418లో కార్తేజ్ సభ పెలాగియస్ బోధను ఖండించింది. ఇక ఐగుప్తు రాజు ఫరోను చూడండి. నిర్గమకాండం 8లో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడు. 9లో దేవుడే కఠినపరిచాడు. ముందు తనే చేసుకున్నాడు కాబట్టి బాధ్యత తనదే అంటారు కొందరు. కానీ కఠినపరుస్తానని దేవుడు 4వ అధ్యాయంలోనే చెప్పేశాడు. రోమా 9లో దేవుడు కుమ్మరి, మనిషి మట్టి. కుమ్మరిని మట్టి ఎదురు ప్రశ్న వేయదు. నాకైతే స్వేచ్ఛ కనబడదు.

సారె మనవడు:
జమ్మలమడుగు పక్క పల్లె మాది. మా అబ్బ (తాత) కుమ్మరి. ఆ మట్టి పోలిక చెప్పేవాళ్లలో మట్టి తొక్కినోళ్లు ఎంతమందో నాకు అనుమానం. చెరువు మన్ను తెచ్చి, నానబెట్టి, రాళ్లు ఏరి, తొక్కి తొక్కి సారె మీద పెట్టినా ఒక్కోసారి లేవదు. పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మా అబ్బ మట్టిని తిట్టడు, పారేయడు. ముద్ద చేసి మళ్లీ పెడతాడు. యిర్మియా 18లో ఉన్నది ఇదే కదా: కుండ చేతిలో చెడింది, అదే మట్టితో ఇంకొకటి చేశాడు. పైగా అక్కడ దేవుడు, ఆ జనం చెడుతనం మానితే తాను చేస్తానన్న కీడు చేయనంటాడు. మట్టికి మాట వినే గుణం లేకపోతే ఆ మాటెందుకు? ఆవంలో కాల్చినాక సంగతి వేరు. మీ చిన్నాయన ఇంకా ఆవంలోకి పోలేదప్పా.

అనంతపురం చదువరి:
నేను క్రైస్తవుణ్ణి కాదు, మా ఇంట్లో వేమన పద్యాలే. అయినా ఒకటి అడుగుతా. "చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని పౌలు రోమా 7లో రాసుకున్నది తన గురించి. మనం తప్పు చేస్తే ఆ వచనం, ఎదుటివాడు చేస్తే "కావాలనే చేశాడు". అబ్బీ, కోప్పడకు. చిన్నాయనకు స్వేచ్ఛ లేదన్నావు. మైకు పట్టుకున్న పెద్దాయనకు మాత్రం ఎట్లా ఉందనుకున్నావు?

ప్రొద్దుటూరు అబ్బి:
కోపమే వచ్చింది అన్నా. అన్నం తిని వచ్చి మళ్లీ చదివాను. ఆ పెద్దాయన కొడుకు తాగుడుతోనే పోయాడు. పోస్టులో ఆ సంగతి రాయలేదు, రాస్తే నా వాదం పలచనవుతుందని. మైకు సంగతి మాత్రం వదలను, మాస్టారు చెప్పిన వరుస గురించి అడుగుతా. ఇవన్నీ చిన్నాయనకు చదివి వినిపించాను. కుండ మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు. ఆదివారం వస్తావా అంటే, "పొద్దున చూద్దాంలే" అన్నాడు.