ఓసీడీకి ఏ థెరపీ అయినా ఒకటేనా? మనసు కుదిరిన కౌన్సెలర్‌ని మార్చాలా?

అరండల్‌పేట అక్క:
మా తమ్ముడికి ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే భయాలతో చేసిందే మళ్లీ మళ్లీ చేసే జబ్బు. మిర్చి యార్డులో గుమస్తా. ఇంటికొస్తే గేటు ముట్టుకోడు, అమ్మ చెంబుతో నీళ్లు పోస్తేనే లోపలికొస్తాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దీ రుద్దీ వేళ్ల సందులు పగిలి నెత్తురొస్తోంది. మాత్రలు వాడుతూనే గుంటూరులో ఒక మేడమ్ దగ్గర ఏడాదిగా కౌన్సెలింగ్ తీసుకుంటున్నాడు. ఆవిడంటే చాలా గురి. నాన్న పోయిన బాధంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు నిద్ర పడుతోంది. కడుక్కోవడం మాత్రం తగ్గలేదు. విజయవాడలో ఎక్స్‌పోజర్ థెరపీ, అంటే భయపడేదాన్ని కావాలనే ఎదుర్కొని, కడుక్కోకుండా ఓర్చుకోవడం నేర్పే పద్ధతి, చేస్తారని విన్నాను. పనిచేసేది మనిషే కానీ పద్ధతి కాదని మా వదిన అంటోంది. మార్చమంటారా?

బెంజ్ సర్కిల్:
మీ వదినగారిది గాలిమాట కాదండీ. పైకి ఎంత వేరుగా కనిపించినా థెరపీల్లో పనిచేసే అంశాలు చాలావరకు ఒకటేనని అమెరికా మనస్తత్వవేత్త సాల్ రోజెన్‌వైగ్ 1936లోనే రాశాడు. డిప్రెషన్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 1989లో వచ్చాయి; అందులో సీబీటీకీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే థెరపీ), ఇంటర్‌పర్సనల్ థెరపీకీ (మనుషులతో సంబంధాల మీద పనిచేసేది) చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 1996లో అవే రికార్డులు మళ్లీ చూస్తే, చికిత్స చేసేవారితో బంధం కుదిరినవాళ్లే ఎక్కువ కోలుకున్నారు. మాత్రలిచ్చిన వాళ్లలోనూ, ఉత్తుత్తి మాత్రలిచ్చిన వాళ్లలోనూ అంతే! నాన్న గురించి నోరు విప్పిన మనిషిని అక్కణ్నుంచి లాగేస్తే ఇంకెవరి దగ్గరా కూర్చోకపోవచ్చు. నేనైతే మార్చను.

పట్టాభిపురం:
మా బావగారికి మాత్రలతోనే తగ్గింది. డోసు సంగతి డాక్టరుగారిని అడిగారా?

కృష్ణలంక కౌన్సెలర్:
డోసు అడగాల్సిందే. కానీ బెంజ్ సర్కిల్ గారూ, ఆ పరిశోధన డిప్రెషన్ మీద. దాని ఫలితాన్ని ఓసీడీకి అంటగట్టకండి. 1966లో మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ ఓసీడీ ఉన్న తన పేషెంట్ల చేత భయపడే వస్తువు ముట్టించి, కడుక్కోకుండా నర్సులను కాపలా పెట్టాడు. ఎక్స్‌పోజర్‌కి పునాది అదే. 2008 నాటి మరో పరిశోధనలో, మాత్రలు వాడినా లక్షణాలు పోనివాళ్లలో కొందరికి ఎక్స్‌పోజర్ చేయించారు, కొందరికి ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు నేర్పారు. సెషన్లు ఇద్దరికీ సమానమే. బాగా మెరుగైంది ఎక్స్‌పోజర్ వాళ్లు. అంతా మనిషి చలవే అయితే ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

జబ్బుల కింద ఉమ్మడిగా నడిచేది లేదని నేననను. ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లాలంటే గుండెదడ వచ్చి ఇంట్లోనే ఉండిపోయే మనిషి, దిగులుతో ఫోన్ ఎత్తని మనిషి, మీ తమ్ముడు, ముగ్గురూ తప్పించుకుంటున్నారు. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయి, మర్నాటికి భయం ఇంకాస్త పెద్దది. అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ బార్లో బృందం రకరకాల ఆందోళన జబ్బులకు కలిపి ఒకే పద్ధతి తయారుచేసింది. 2017 పరీక్షలో అది ఒక్కో జబ్బుకు విడిగా ఉన్న పద్ధతులకు దీటుగా నిలిచింది. అందులోనూ భయాన్ని ఎదుర్కోవడం ఉంది. అది తీసేసి మిగతాది ఎంత ఆప్యాయంగా చేసినా ఓసీడీ పెద్దగా కదలకపోవచ్చు.

బెంజ్ సర్కిల్:
ఎక్స్‌పోజర్ భరించలేక మధ్యలో మానేసేవాళ్ల మాటేమిటి? వాళ్లని నిలబెట్టేది బంధమే కదా.

కృష్ణలంక కౌన్సెలర్:
అవును, అందుకే ఆ మేడమ్‌ని వదులుకోమని నేను చెప్పను. బంధమంటే 1979లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ చెప్పింది ఆప్యాయత ఒక్కటే కాదండీ. దేనికోసం వస్తున్నాం, అందుకు ఏం చేయాలి అన్న వాటిలోనూ ఇద్దరికీ ఒప్పందం కుదరాలి. మీ తమ్ముడికి ఆప్యాయత దొరికింది, చేయాల్సిన పని మొదలే కాలేదు. అక్కా, ఆవిడనే సూటిగా అడగండి: "ఎక్స్‌పోజర్ మీరు చేయిస్తారా?" అలవాటు లేదంటే విజయవాడకి ఉత్తరం రాసివ్వమనండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు.

అరండల్‌పేట అక్క:
అడుగుతాను. మరి అమ్మ నీళ్లు పోయడం? మొన్న మానేస్తే వాడు రాత్రిదాకా వరండాలోనే కూర్చున్నాడు. అమ్మ ఏడ్చి మళ్లీ పోసింది.

కృష్ణలంక కౌన్సెలర్:
చెప్పాపెట్టకుండా ఆపేయడం శిక్షలా తగులుతుంది. అమ్మగారిని కూడా సెషన్‌కి తీసుకెళ్లండి. మొదట ఏది తగ్గించాలో మీ తమ్ముడే ఎంచుకోవాలి. ఉదాహరణకి గేటు గడియ ఒక్క వేలితో తాకి, కడుక్కోకుండా వరండాలో కూర్చోవడం. ఆ గాభరా దానంతటదే తగ్గొచ్చు, తగ్గకపోయినా ఓర్చుకోగలనని తెలుస్తుంది. అప్పటిదాకా అమ్మగారు పక్కన కూర్చోవచ్చు, చెంబు మాత్రం తేకూడదు. "ఏం కాదులే" అని పదేపదే ధైర్యం చెప్పడం కూడా ఆపాలి, అదీ నీళ్లు పోయడం లాంటిదే. పగిలిన వేళ్లు ముందు స్కిన్ డాక్టరుకి చూపించండి.